ఎల్లారెడ్డి ఆటల దుకాణంలో ఎడమ కుర్చీ

కంప్యూటర్లు బిగించే పని కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు నా దగ్గరికి వస్తే మొదట అడిగేది ఒక్కటే. తక్కువ డబ్బులో ఆటలకు మంచి మిషన్ కావాలంటే ఏ ప్రాసెసర్ కొనాలి? నా జవాబు వాళ్లకు నచ్చదు. "ఆడేవాళ్లు ఎట్లా కూర్చుని ఆడతారో చూసిరా, అప్పుడు చెప్తాను" అంటాను. ముసలమ్మకు కొత్త పేర్లు తెలియక దాటవేస్తోందని అనుకుంటారు. కొత్త పేర్లు నాకు నిజంగానే తెలియవు. అయినా దాటవేయడం లేదు. 1974 నుంచి కామారెడ్డి స్టేషన్ రోడ్డులో రేడియోలు, ఆ తర్వాత టీవీలు, చివరికి కంప్యూటర్లు విప్పి బిగించాను. ఆ జవాబు మాత్రం నాకు పక్కనున్న ఎల్లారెడ్డి ఊర్లో దొరికింది.

మామ అడిగే ప్రశ్న

నర్సింలు మామ మా అమ్మకు తమ్ముడు. పదో తరగతి పాసై ఇంట్లో ఊరికే ఉన్న నన్ను తన రేడియో రిపేరు దుకాణంలో లెక్కలు రాయడానికి పిలిచాడు. ఆరు నెలలు తిరిగేసరికి సోల్డరింగ్ ఐరన్ నా చేతికి వచ్చింది. వచ్చినవాళ్లు కౌంటరు దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసేవారు.

"దుకాణంల మొగోళ్లెవ్వరు లేరా?"

"ఉన్నరు. చాయ్ తాగ పోయిండ్రు. రేడియో ఇటియ్యి, వాళ్లొచ్చేలోపట బాగయితది" అనేదాన్ని. చాలాసార్లు బాగయ్యేది కూడా.

మామకు కోపం ఎక్కువ, మాట తక్కువ. జీతం ఇవ్వడంలో ఆలస్యం చేసేవాడు, మెచ్చుకోవడం అసలే తెలియదు. ఆయన దగ్గర నేర్చుకున్నది లోపలి భాగాల గురించి అనుకున్నాను చాలా కాలం. కాదు. వస్తువు విప్పే ముందు ఆయన ఒక ప్రశ్న అడిగేవాడు. దాని విలువ నాకు పిట్లం నుంచి వచ్చిన ఒక రైతు రేడియోతో కొంత తెలిసింది.

ఆ రేడియోకు గొంతు బొంగురుపోయింది. స్పీకరు మార్చి పంపాను. రెండు నెలలకు మళ్లీ అదే బొంగురు. మళ్లీ మార్చాను. మూడోసారి ఆ పెద్దమనిషి కౌంటరు మీద రేడియో పెట్టి, "బిడ్డా, నీకు పని వస్తదా, లేకుంటె నా మీదనే నేర్చుకుంటున్నవా?" అని అడిగాడు. లోపల ఉన్న మామ లేచి వచ్చాడు.

"బాపు, ఇంట్ల దీన్ని యాడ పెడ్తవ్?"

"రంజన్ మీద పెడ్త. దానికి మూత పలిగింది. ఇది సరింగ పట్టింది."

రంజన్ అంటే నీళ్ల కుండ. దాని మీద మూతగా రేడియో! కిందినుంచి చెమ్మ తగిలి స్పీకరు కాగితం నానిపోతోంది.

"రెండు స్పీకర్లు నీ రంజన్ తాగింది బాపు" అన్నాడు మామ. "మూడోది ఎయ్యం. అంగట్ల మూత దొర్కుతది, కొనుక్కపో."

ఆ రైతు నవ్వాడు. నేను నవ్వలేదు. నేను రెండుసార్లు విప్పి చూసిన వస్తువులో ఏ లోపమూ లేదు, లోపం వాళ్లింట్లో ఉంది. ఇది తెలిసినదాన్ని ఇరవై ఏళ్ల తర్వాత మరిచిపోతానని అప్పుడు ఎవరైనా చెప్పినా నమ్మేదాన్ని కాదు.

ఇరవై అయిదు వేలలో ఒక మిషన్

మామ పోయాక దుకాణం నేనే నడిపాను. టీవీలు తగ్గి కంప్యూటర్లు మొదలయ్యాయి. సికింద్రాబాద్‌లో విడిభాగాలు అమ్మే గల్లీకి వెళ్లి, సంచిలో తెచ్చి, ఇక్కడ బిగించి ఇచ్చేదాన్ని.

1998 ఫిబ్రవరిలో ఎల్లారెడ్డి నుంచి యాకూబ్ వచ్చాడు. జిద్దాలో కట్టడాల దగ్గర ఇనుప కడ్డీలు కట్టే పని. పదకొండేళ్లు చేశాడు. ఆరు నెలల ఛుట్టీ మీద వచ్చాడు, జులై ముప్పయ్యొకటి లోపల తిరిగి పోకపోతే వీసా పోతుంది. అతనికి పోవాలని లేదు. నడుము పట్టేస్తోంది, వంగి కడ్డీ కట్టలేకపోతున్నాడు. హైదరాబాద్‌లో బావమరిది ఇంటి పక్కన కంప్యూటర్ ఆటల దుకాణం చూశాడు. అట్లాంటిది ఎల్లారెడ్డిలో పెట్టాలని ఆశ.

"నడిస్తె ఉంట. నడవకుంటె పోత. గంతే అక్కా" అన్నాడు.

రెండోసారి భార్య ఖుర్షీద్‌ను కూడా తీసుకొచ్చాడు. ఆమె మిషన్ల వైపు చూడలేదు. నన్నే చూస్తూ కూర్చుంది. అతను పాన్ కోసం బయటికి వెళ్లగానే దగ్గరికి జరిగింది.

"అక్కడుంటె ఫోన్ల మంచిగ మాట్లాడ్తడక్కా. ఇక్కడుంటె కూరల ఉప్పు తక్వ, అన్నం మెత్తగయింది అని సతాయిస్తడు. అయినా ఇక్కడనే ఉండేటట్టు జెయ్యి. మంచి సామాను ఎయ్యి."

మంచి సామాను అంటే ఆమెకు తెలిసింది అంతే. నాకు తెలిసిందీ అప్పటికి అంతే అని ఇప్పుడనిపిస్తుంది.

దుకాణం అద్దె, బల్లలు, స్టెబిలైజర్లు పోగా అతని దగ్గర డెబ్బై అయిదు వేలు మిగిలాయి. మూడు మిషన్లు కావాలి. ఒక్కోదానికి ఇరవై అయిదు వేలు. నేను హైదరాబాద్ వెళ్లి అతని బావమరిది చెప్పిన దుకాణంలో ఒక పూట కూర్చున్నాను. ఆ దుకాణదారుడు మంచివాడు, ఒక డబ్బా విప్పి లోపల ఏమేమి ఉన్నాయో చూపించాడు. అన్నీ రాసుకున్నాను. దాన్నే ముందు పెట్టుకుని ఎక్కడ తగ్గించవచ్చో చూశాను.

ఎక్కడ తగ్గించానో, ఎక్కడ తగ్గించలేదో చెప్తాను, అది ఇప్పటికీ పనికొస్తుంది. ప్రాసెసర్ కొత్తగా వచ్చినదాన్ని వదిలి దాని వెనకటిది తీసుకున్నాను. వేగంలో తేడా కొంచెమే, ధరలో తేడా సగం. ఆ పొదుపు డిస్‌ప్లే కార్డులో పెట్టాను. ఆటలో బొమ్మ తడబడకుండా ఉండేది దానివల్ల. తెరలు ఒక ఆఫీసులో వాడి తీసేసినవి కొన్నాను, ఒక్కోదాన్ని గంటసేపు వెలిగించి చూసి. సీడీ డ్రైవు ఒక్కదానికీ వేయలేదు. నా దుకాణంలోది పట్టుకెళ్లి ఆటలు ఎక్కించి తెచ్చేసుకున్నాను. మిషన్లను ఒకదానితో ఒకటి కలిపే కార్డులు కూడా మానేశాను. కీబోర్డు అన్నింటికంటే చవకది, రెండు వందల యాభై.

కరెంటు సరఫరా చేసే లోపలి డబ్బా దగ్గర మాత్రం ఒక్క రూపాయి తగ్గించలేదు. ఎల్లారెడ్డి చుట్టూ పొలాల్లో మోటార్లు ఒకేసారి నడిస్తే దీపాలు కూడా ఎర్రబడతాయి. ఆ డబ్బా చవకదైతే తనతో పాటు మిగతావన్నీ కాల్చుకుని పోతుంది. మంచిదో కాదో చూడడానికి నాకు తెలిసిన సులువు, చేత్తో ఎత్తి చూడడం. లోపల రాగి, ఇనుము తక్కువగా ఉన్నది తేలిగ్గా ఉంటుంది. సికింద్రాబాద్‌లో నేను ఒక్కోటి ఎత్తి చూస్తుంటే అమ్మేవాడు నవ్వాడు.

"ఏంది మేడం, వంకాయలు కొంటున్నరా?"

"వంకాయలైతె లేతయి చూస్త. ఇది బరువుగుండాలె. ఆ ఎనకది తియ్యి."

అన్నీ కలిపి ఒక్కో మిషన్ ఇరవై నాలుగు వేల తొమ్మిది వందల యాభై అయింది. మిగిలిన యాభై స్క్రూలకు, తీగకు. దుకాణం వెనక గొయ్యి తవ్వించి ఉప్పు, బొగ్గు వేసి ఎర్తింగు పెట్టించాను. రోజూ ఒక బకెట్ నీళ్లు పోయాలని ఖుర్షీద్‌కు చెప్పాను.

"చెట్టయితె పూలన్న పూస్తది" అన్నదామె. అయినా ఒక్కరోజు కూడా మానలేదు.

ఏప్రిల్‌లో బడులకు సెలవులివ్వగానే దుకాణం తెరిచారు. నేను ఆటలు ఎక్కించి, మిషన్లు మూడూ నడిపి చూసి, సాయంత్రం బస్సుకు వచ్చేశాను. నా అంచనా ప్రకారం అంతకంటే బాగా ఆ డబ్బులో ఎవరూ చేయలేరు. ఇప్పటికీ అదే అంటాను. అయినా ఆ మిషన్లు ఆ దుకాణానికి సరిపోలేదు.

గెలవని కుర్చీ

మొదటి మూడు వారాలు, పిల్లలకు ఆట కొత్తగా ఉన్నన్నాళ్లు, బాగా నడిచింది. మే నెల సగంలో యాకూబ్ ఎండలో బస్సు దిగి వచ్చాడు. మంచినీళ్లు తాగాడు, కానీ కూర్చోలేదు.

"అక్కా, ఎడమ దిక్కు కుర్సీల కూసున్నోడు గెలుస్తలేడు."

నాకు నవ్వొచ్చింది. "ఆట రాకుంటె ఎట్ల గెలుస్తడు?"

"గట్ల గాదు. రాజుగాడని మా ఊర్ల ఒకడుండు. కుడికి కూసుంటె అందర్ని కొడ్తడు. ఎడమకు కూసుంటె నిన్న మొన్న వచ్చినోడు గూడ వాన్ని కొడ్తుండు. ఒక్క మిషన్ గాదు, మూడు గట్లనే ఉన్నయ్."

ఆడేది ఇద్దరు తలపడే కుస్తీ ఆట. ఒకే కీబోర్డు మీద ఎడమవాడికి అక్షరాల మీటలు, కుడివాడికి బాణం గుర్తుల మీటలు. గంటకు పది రూపాయలు. ఎడమవైపు కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. కూర్చున్నవాడు ఓడి, పైసలు వాపసు ఇమ్మని గొడవ. ఎవడో ఆ కుర్చీకి నిమ్మకాయ, మిరపకాయలు కూడా కట్టాడట. యాకూబ్ తనకు కావలసినవాళ్లను కుడివైపు కూర్చోబెట్టి గెలిపిస్తున్నాడని ఊర్లో మాట పుట్టింది. రోజుకు మూడు వందలు వచ్చేది, తొంభై వస్తోంది.

మిషన్‌కు బలం చాలడం లేదని అతని అనుమానం. నాదీ అదే. ఇద్దరి దెబ్బలూ ఒకేసారి లెక్క వేయలేక ఒకరివి వదిలేస్తోందేమో అనుకున్నాను. ఒక మిషన్‌కు మెమరీ రెండింతలు చేసి పంపాను. రెండు వేలు పెరిగింది. ఎడమవాడు అట్లాగే ఓడాడు. సికింద్రాబాద్ వ్యాపారికి ఫోన్ చేస్తే పెద్ద ప్రాసెసర్ వేయమన్నాడు, తొమ్మిది వేలు. అమ్మేవాణ్ణి సలహా అడగవద్దని నేను మీకు వేరే చెప్పనక్కర్లేదు. నేను అడిగాను.

జూన్ రెండో వారంలో యాకూబ్ మళ్లీ వచ్చాడు. ఈసారి కూర్చున్నాడు.

"టికెట్టు కోసం పక్కకు పెట్టిన పైసలున్నయ్ అక్కా. అవి తప్ప ఇంకేం లెవ్వు. పెద్ద ప్రాసెసర్ ఎయ్యాల్నా, టికెట్టు కొనాల్నా? నువ్వే చెప్పు. నువ్వు ఏది చెప్తె అది."

నాతో చాలామంది బేరమాడారు, కొట్లాడారు. అట్లా తన బతుకు ఎత్తి బల్ల మీద పెట్టినవాడు అతనొక్కడే. ప్రాసెసర్ పేరు నోటి దాకా వచ్చింది. చెప్పేస్తే అతను వేయించేవాడు. అప్పుడు నాకు పిట్లం రైతు గుర్తొచ్చాడు, రెండు నెలలకోసారి స్పీకరు మార్చించుకున్న మనిషి.

"ఆదివారం దాంక రెండూ చెయ్యకు" అన్నాను. "నేనొస్త. నీ దుకాణంల కూసుంట."

"కూసుని ఏం జేస్తవ్?"

"చూస్త."

ఒక ఆదివారం పూట

వెళ్లాను. స్క్రూడ్రైవర్ కూడా సంచిలోంచి తీయలేదు. గోడవారన స్టూలు వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి పిల్లలు నన్ను మరిచిపోయారు.

కూర్చున్న కాసేపటికే ఒక సంగతి కనిపించింది, హైదరాబాద్‌లో చూసినదానికి పూర్తిగా భిన్నమైనది. అక్కడ ఒక్కో మిషన్ ముందు ఒక్కడే కూర్చుంటాడు, ఎదుటివాడు ఇంకో మిషన్ మీద ఉంటాడు. ఎల్లారెడ్డిలో ఒంటరిగా ఎవడూ రాడు. పది రూపాయలు ఇద్దరు పంచుకుంటారు, ఒకే బల్ల దగ్గర భుజాలు రాసుకుంటూ కూర్చుంటారు. వెనక నిలబడ్డ నలుగురు చెవిలో సలహాలిస్తుంటారు.

"కొట్టురా, ఏంది, చేతులకు గోరింటాకు పెట్టుకున్నవా?"

"కొడ్తనే ఉన్న! నా బటన్ వడ్తలేదు!"

"నీ బటన్ పడదు, నా బటన్ ఆగదు" అని కుడివైపు కూర్చున్న రాజు ఎగతాళి.

బటన్ పడడం లేదన్న మాట ఆ కుర్రాడు ఆ పూట నాలుగుసార్లు అన్నాడు. మే నెల నుంచి అక్కడ అందరూ అంటూనే ఉండి ఉంటారు. ఓడినవాడి సాకని యాకూబ్ నాకు చెప్పనే లేదు. నేను బటన్ల గురించి అడగనూ లేదు.

వాళ్లను లేపి, ఆట మూసి, ఉత్తరాలు రాసుకునే పేజీ తెరిచాను. కుడివైపు రెండు బాణాలు, ఒక గుద్దు మీట కలిపి నొక్కి పట్టుకోమని రాజుకు చెప్పాను. ఎడమవైపు అక్షరం నేను నొక్కాను. తెర మీద అక్షరం రాలేదు. "ఇడువు" అన్నాను. వదిలాడు. నొక్కాను, వచ్చింది. మళ్లీ పట్టుకున్నాడు, రాలేదు. తిప్పి చూశాం. ఎడమవైపు మూడు అక్షరాలు నేను పట్టుకుని రాజును బాణం నొక్కమంటే తెర మీద గీత మాత్రం కదిలింది.

వెనక గుంపు కీబోర్డు మీదికి వంగింది. రాజు కీబోర్డు వైపు చూసి అన్నాడు: "అంటె, నేను గెల్చినయి గూడ గెల్చినట్టు గాదా?"

"సగం నీవి, సగం కీబోర్డువి" అన్నాను. వాడికి అది చాలా రోజులు పట్టుకుంది పాపం.

సంగతి ఇది. చవక కీబోర్డు లోపల ప్రతి మీటకూ వేరే తీగ ఉండదు. వరుసకొకటి చొప్పున తీగలు పంచుకుంటాయి. మూడు నాలుగు మీటలు ఒకేసారి నొక్కితే ఏది నొక్కారో దానికి తేలదు, ఆ తర్వాతది వదిలేస్తుంది. ఏ మీటలు ఆగుతాయన్నది తీగల అల్లికను బట్టి ఉంటుంది, ఈ రకంలో ఆ నష్టం ఎడమవాడి అక్షరాలకు పడింది. ఒక్క మనిషి ఉత్తరం టైపు చేయడానికి చేసిన వస్తువు అది. దాని మీద ఇద్దరు కుస్తీ పడుతున్నారు. తొమ్మిది వేల ప్రాసెసర్ వేసినా, తొంభై వేలది వేసినా, మీట నొక్కిన కబురు దాని దాకా వెళ్లనే వెళ్లదు.

ఇంకో రకం కీబోర్డు వేస్తే ఇంకేవో మీటలు ఆగుతాయి. కావలసింది రెండో మనిషికి వేరే ఆట పరికరం. దానికి చోటు నేనే పెట్టించి మరిచాను. ఏడు వందలు పెట్టి కొన్న సౌండ్ కార్డుకు వెనకవైపు, స్పీకరు తీగ పక్కనే, ఒక వెడల్పు సాకెట్టు ఉంటుంది. చేత్తో పట్టి ఆడే జాయ్‌స్టిక్ పెట్టడానికి. హైదరాబాద్ దుకాణంలో దాని అవసరం లేదు, ఎవరూ పెట్టలేదు, కాబట్టి నా కంటికీ ఆనలేదు.

మర్నాడు సికింద్రాబాద్ వెళ్లి మూడు జాయ్‌స్టిక్కులు తెచ్చాను. ఒక్కోటి మూడు వందల ఇరవై. మొత్తం తొమ్మిది వందల అరవై. పెంచిన మెమరీ తీసి వేరేవాళ్లకు అమ్మిన మిషన్‌లో సర్దుకుని, యాకూబ్ రెండు వేలు అతనికి ఇచ్చేశాను. కుడివాడికి జాయ్‌స్టిక్, ఎడమవాడికి కీబోర్డు. అప్పుడిక దాని మీద ఒక్కరి వేళ్లే ఆడతాయి.

నిమ్మకాయ ఖుర్షీద్ తీసింది. పారేయలేదు, ఎర్తింగు గోతి మీద పెట్టింది. "ఉండనీ అక్కా, దానికి గూడ దిష్టి తగుల్తది" అన్నది.

బడులు తెరిచారు. దుకాణం పొద్దంతా ఖాళీ, సాయంత్రం నిండేది. అది బతకడానికి చాలుతుందో లేదో నాకు తెలియలేదు. 

ముప్పయ్యొకటో తారీఖు

ఆ తారీఖు నా గోడ క్యాలెండరులో గుర్తు పెట్టి ఉంది. శుక్రవారం. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు యాకూబ్ వచ్చాడు, చేతిలో పెద్ద సంచి. జుమ్మా నమాజు కామారెడ్డిలోనే చదివి వస్తున్నానన్నాడు. సంచి చూడగానే రైలెక్కడానికి వచ్చాడని అనుకున్నాను. చెప్పి పోవడానికి వచ్చాడని.

సంచిలోంచి ఒక కీబోర్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది మార్చియ్యి అక్కా. పోరగాండ్లు మొత్తుకుంటుండ్రు."

తిప్పి చూశాను. కుడివైపు మీటల మీద గుర్తులు చెరగలేదు, దుమ్ము పట్టి ఉన్నాయి. ఎడమవైపు నాలుగు మీటల మీద అక్షరాలు పూర్తిగా చెరిగిపోయి ఉత్త తెల్ల ప్లాస్టిక్ మిగిలింది. మే నెలలో ఎవరూ కూర్చోని కుర్చీ వైపువి అవి. ఆరు వారాల్లో అట్లా అరగాలంటే ఎన్ని వేళ్లు పడి ఉండాలో నేను లెక్క వేయడం మొదలుపెట్టి, మానేశాను.

"యాకూబ్, ఇయ్యాల ముప్పయ్యొకటి" అన్నాను.

"ఎర్కే అక్కా. బొంబాయి విమానం పొద్దుగాలనే పోయింది." అతను గోడ గడియారం వైపు చూశాడు. "జెర జల్ది ఇయ్యి. నాలుగున్నరకు బడి ఇడుస్తరు, ఈ బస్సు పోతె మళ్ల దొర్కదు."

రెండు వందల యాభై తీసుకుని కొత్త కీబోర్డు ఇచ్చాను. పాతది నా దగ్గరే ఉంచమన్నాను. డబ్బా చంకలో పెట్టుకుని, నడుము మీద ఒక చెయ్యి వేసుకుని, అతను బస్టాండు వైపు వీలైనంత వేగంగా నడిచిపోయాడు.

ఆ పాత కీబోర్డు ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. ఏ ప్రాసెసర్ కొనాలని అడిగే పిల్లల చేతికి ముందు అదే ఇస్తాను.